ఒంటి మీద వెతకాలా, గోడలో వెతకాలా?

ప్రశ్న: మా కుక్క చెవి వెనక ఆముదపు గింజంత బూడిదరంగు పిడుదు కనిపిస్తే చేత్తో పీకేశాను. నల్లటి చుక్క ఒకటి చర్మంలోనే ఉండిపోయింది. రెండు రోజులకే ఇంకో నాలుగు కనిపించాయి. మరోవైపు మా కోళ్లు పాలిపోతున్నాయి, గుడ్లు తగ్గాయి. పగలు పట్టుకుని ఎంత వెతికినా ఒంటి మీద పురుగన్నది లేదు. ఈలోగా కోళ్ల గూటి పక్కన పడుకున్న మా అబ్బాయికి తెల్లారేసరికి ముంజేతి మీద మూడు ఎర్రటి గుర్తులు తేలాయి. పిడుదుల్లో గట్టివి, మెత్తవి అని రెండు రకాలట, మెత్తవాటితో భయం లేదని తెలిసినవాళ్లు అంటున్నారు. నెట్‌లో చూస్తే లైమ్ జబ్బు, కాంగో జ్వరం అంటూ ఏవేవో ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యాలి? ఇంట్లో ఒక పిల్లి కూడా ఉంది.

సమాధానం: మీ ఇంట్లో రెండు రకాలూ ఉన్నట్టున్నాయండీ. కుక్క మీద దొరికింది గట్టి పిడుదు. కోళ్ల మీద దొరకనిది మెత్త పిడుదు అయ్యుంటుంది. దొరక్కపోవడమే దాని గుర్తు.

మెత్తవాటితో భయం లేదన్నవాళ్లు పేరు చూసి మోసపోయారు. గట్టి, మెత్త అన్నది దాని వీపు సంగతి, అది చేసే హాని సంగతి కాదు. అసలు తేడా రెండూ రక్తం తాగే తీరులో ఉంది. గట్టి పిడుదు రోజుల తరబడి తిష్ట వేసే చుట్టం. మెత్త పిడుదు రాత్రి వచ్చి తెల్లారేలోగా జారుకునే దొంగ. అందుకని మొదటిదాన్ని జంతువు ఒంటి మీద వెతకాలి, రెండోదాన్ని గోడలో వెతకాలి. ఇది తెలియకే చాలామంది కోళ్ల మీద పొడి చల్లుతూ కూర్చుంటారు. పిడుదులేమో గూటి చెక్కల సందుల్లో హాయిగా ఉంటాయి.

ఈసారి కుక్క మీంచి తీసిన పిడుదును వెంటనే పారెయ్యకండి. తెల్ల కాగితం మీద పెట్టి భూతద్దంతో చూడండి. అది ఎగరదు, దూకదు, రక్తం తాగి ఉబ్బింది సరిగ్గా నడవను కూడా నడవలేదు. ముందు కాళ్లు లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటాయి. అంటే దోమ, పేను జాతి కాదు, సాలీడుకీ తేలుకీ బంధువు. గుడ్డులోంచి కొత్తగా వచ్చిన పిల్లకి మాత్రం ఆరే కాళ్లు. ఇక వీపు చూడండి. తల వెనకే చిన్న గోధుమరంగు పలక ఒకటి కనిపిస్తుంది. గట్టి పిడుదుకి ఆ పేరు తెచ్చింది అదే. మగదానికి వీపంతా ఆ పలకే పరుచుకుని ఉంటుంది, అందుకే అది పెద్దగా ఉబ్బదు. ఆడదానికి పలక ముందు భాగంలోనే ఉంటుంది, వెనకంతా సాగే చర్మం. పూర్తిగా తాగేసరికి కొన్ని జాతుల్లో ఆడదాని బరువు మొదటి బరువుకి నూరు రెట్లు కూడా అవుతుంది. అన్నట్టు, మీకు తోచిన ఆముదపు గింజ పోలిక చాలా పాతది. లాటిన్‌లో రిసినస్ అంటే పిడుదు. గింజ అచ్చం పిడుదులా ఉందనే ఆముదం మొక్కకి రిసినస్ అని శాస్త్రీయ నామం పెట్టారు.

మెత్త పిడుదుకి ఆ పలక ఉండదు. ముడతలు పడ్డ తోలులా ఉంటుంది. మూతి పొట్ట కిందికి దాక్కుని ఉంటుంది కనుక పైనుంచి చూస్తే ముందేదో వెనకేదో పోల్చుకోలేం. ప్రపంచంలో తెలిసిన సుమారు 900 రకాల పిడుదుల్లో 700కు పైగా గట్టివే. మెత్తవి 200 చిల్లర.

ఇప్పుడు మీ కుక్క సంగతి. గట్టి పిడుదు మూతి ముందు చిన్న ముక్కులాంటిది ఉంటుంది. దాని మీద చేపల గాలానికి ఉన్నట్టు వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి. అది చర్మంలోకి దిగాక చాలా జాతులు చుట్టూ ఒక జిగురు వదులుతాయి, అది సిమెంటులా బిగుస్తుంది. ఉమ్మిలో నొప్పి తెలియకుండా చేసేవీ, రక్తం గడ్డకట్టకుండా చేసేవీ ఉంటాయి. అందుకే కుక్కకీ తెలియదు, మనకీ తెలియదు. మీరు వేళ్లతో లాగినప్పుడు లోపల ఉండిపోయిన నల్ల చుక్క ఆ ముక్కే. అందులోంచి మళ్లీ పిడుదు పుడుతుందని కొందరు భయపెడతారు, అదేం లేదు. సూది పెట్టి కెలకకండి. ముల్లు విరిగి ఉండిపోతే ఎలాగో ఇదీ అంతే, కొన్నాళ్లకి చర్మమే బయటికి తోసేస్తుంది. సబ్బుతో కడగండి. వాచినా చీము పట్టినా డాక్టరుకి చూపించండి.

తియ్యడానికి వేళ్లు పనికిరావు. సన్నటి కొన ఉన్న ట్వీజర్ కావాలి. పొట్టని కాదు, చర్మానికి ఆనుకుని ఉన్న మూతిని పట్టుకోవాలి. పొట్టని నొక్కితే లోపలున్నది పుండులోకి పోవచ్చు. మెలి తిప్పకుండా, కుదపకుండా, ఒకే పట్టున నెమ్మదిగా పైకి లాగుతూ ఉండండి. చర్మం కాస్త గుడారంలా లేస్తుంది, క్షణం ఆగితే ఊడి వస్తుంది. కిరోసిన్ పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం, వ్యాజిలిన్ రాయడం వద్దు. వాటికి ఊపిరాడక ఊడుతుందని అనుకుంటారు గానీ, పిడుదు గంటకి కొద్దిసార్లే గాలి పీల్చుకుంటుంది, దానికి తొందరేం లేదు. చిరాకు పెడితే మాత్రం ఉమ్మి ఇంకా ఎక్కువ వదలొచ్చు. తీసినదాన్ని గోటితో చిదమకండి. చిన్న సీసాలో స్పిరిట్ పోసి అందులో పడెయ్యండి, సీసా మీద తేదీ రాయండి. తర్వాత ఎవరికైనా జ్వరం వస్తే ఆ సీసా డాక్టరుకి మీ మాట కన్నా ఎక్కువ చెబుతుంది.

పీకేముందు అది పిడుదేనా అని కూడా చూసుకోండి. మగకుక్క పొట్ట మీద పిడుదు ఎంత లాగినా రావట్లేదని ఒకాయన కుక్కని నా దగ్గరికి తెచ్చారు. చూస్తే చనుమొన. ఆ కుక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

రెండు రోజులకే మళ్లీ నాలుగు ఎక్కడినుంచి వచ్చాయన్నది మీ అసలు ప్రశ్న. గట్టి పిడుదుల్లో పశువులకి పట్టేవి కొన్ని పిల్ల దశ నుంచి పెద్దయ్యేదాకా ఒకే జంతువు మీద, దాదాపు మూడు వారాలు గడిపేస్తాయి. మీ కుక్క మీదున్నది బహుశా గోధుమరంగు కుక్క పిడుదు. దాని పద్ధతి వేరు. పిల్లగా ఉండగా ఒకసారి తాగి రాలిపోతుంది. ఎక్కడో ఒక పగులులో దాక్కుని, పొర విడిచి, మళ్లీ కుక్కనెక్కుతుంది. ఇంకోసారి రాలుతుంది. పెద్దదై మూడోసారి ఎక్కుతుంది. ఆడది కడుపు నిండాక రాలి, వేలల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఈ వ్యవహారమంతా నాలుగు గోడల మధ్యే జరిగిపోతుంది. గోడ పైదాకా ఎక్కడం దీనికి అలవాటు, కుక్క మంచం కింద పడుకుంటే కప్పు మూలల్లో గుడ్లు దొరికిన ఇళ్లున్నాయి. గట్టి పిడుదును ఒంటి మీద వెతకాలని పైన అన్నాను కదా, దీని విషయంలో ఆ మాటకి ఒక సవరణ. ఒంటి మీదా వెతకాలి, గోడలోనూ వెతకాలి. మీకు కనిపించిన నాలుగూ మీ ఇంట్లో ఉన్నవాటిలో కొద్దిపాటే.

కనుక మందు రెండు వైపులా పడాలి. కుక్కకి నోటి మాత్రో, మెడ మీద వేసే చుక్కలో, పటకానో, బరువూ వయసూ చూసి పశువుల డాక్టరే నిర్ణయించాలి. పశువులకి వాడే స్ప్రేలు, ఇంజెక్షన్లు కుక్కకి మీరే కొలిచి వెయ్యొద్దు. కొన్ని జాతి కుక్కలకి ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లి ఉందన్నారు, ఇది గుర్తుపెట్టుకోండి: కుక్కలకి వేసే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లికి విషం. వణుకు, ఫిట్స్ వచ్చి చచ్చిపోగలదు. మందు వేసిన కుక్కని పిల్లి నాకినా ప్రమాదమే. కుక్క పడుకునే గుడ్డల్ని వేడి నీళ్లలో ఉతకండి. గోడ పగుళ్లు, గడపల సందులు, మూలలు వ్యాక్యూమ్‌తో లాగి ఆ సంచీని బయట పారెయ్యండి. ఇంటికి మందు కొట్టించేటప్పుడు పిల్లి ఉన్న సంగతి ముందే చెప్పండి. ఒక్కసారితో అయిపోయిందనుకోవద్దు. గుడ్లూ, దాక్కున్న పిల్లలూ మిగిలే ఉంటాయి, రెండు మూడు నెలలు పట్టుబట్టాలి.

ఈ పిడుదు కుక్కకి ఇచ్చే ముఖ్యమైన జబ్బు ఎర్లికియా. జ్వరం, తిండి మానెయ్యడం, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఇంకోటి బెబీసియా. అది ఎర్ర రక్తకణాల్లోకే దూరి వాటిని పగలగొడుతుంది. చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ముదురు రంగులోకి మారుతుంది. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. ఎర్లికియా తొలిదశలో పట్టుకుంటే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో లొంగుతుంది. ఆలస్యమైతే ఎముక మజ్జని దెబ్బతీస్తుంది. హెపటోజూన్ అని మరొకటుంది. అది పిడుదు కుట్టడం వల్ల కాదు, కుక్క ఒళ్లు కొరుక్కుంటూ పిడుదునే మింగడం వల్ల వస్తుంది.

పిడుదు జబ్బుల్ని అంటిస్తుందన్న సంగతి శాస్త్రవేత్తల కన్నా ముందు పశువులు కాసేవాళ్లకి తెలుసు. 19వ శతాబ్దంలో అమెరికాలో దక్షిణాది పశువుల మందలు ఉత్తరాదికి నడిచి వెళ్లేవి. వాటికి ఏమీ ఉండేది కాదు. కానీ అవి నడిచిన దారిలో మేసిన ఉత్తరాది పశువులు కొన్ని వారాలకి ఎర్ర మూత్రం పోసి చచ్చేవి. ఇదంతా పిడుదుల పనే అని కాపరులు అంటే పెద్దలు నవ్వారు. థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని తేల్చారు. దక్షిణాది పశువుల మీద పిడుదుల్ని ఒక్కొక్కటిగా చేత్తో ఏరేసి ఉత్తరాదివాటితో కలిపి కట్టేశారు. ఏ జబ్బూ రాలేదు. ఇంకో పొలంలో పశువులు లేకుండా పిడుదుల్ని మాత్రమే చల్లారు. అక్కడ మేసినవాటికి జబ్బు వచ్చింది. 1893లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మలేరియాకి దోమే కారణమని రోనాల్డ్ రాస్ చూపించింది ఆ తర్వాత నాలుగేళ్లకి. మరి వారాల ఆలస్యం ఎందుకంటే, తల్లి పిడుదు నుంచి జబ్బు గుడ్డులోకి దిగుతుంది. రాలిన తల్లి కాదు, దాని పిల్లలు వచ్చి కుట్టాలి. పాలిచ్చే పశువులున్నవాళ్లు ఎర్ర మూత్రం, మెడ దగ్గర గ్రంథులు వాయడం, ఉన్నట్టుండి పాలు తగ్గడం చూస్తే పిడుదుల్ని గుర్తు చేసుకోవాలి. బెబీసియా, థైలేరియా, అనాప్లాస్మా మూడూ వాటి చలవే.

మనుషుల జబ్బుల దగ్గరికొస్తే, నెట్ మిమ్మల్ని అనవసరమైనచోట ఎక్కువ భయపెట్టింది. ఏ పిడుదూ అన్ని జబ్బులూ మొయ్యదు. లైమ్ జబ్బు అమెరికాలోని లైమ్ అనే ఊరి పేరు మీద వచ్చింది. దాని సూక్ష్మజీవిని 1982లో విల్లీ బుర్గ్‌డోర్ఫర్ పిడుదుల్లోనే కనిపెట్టాడు, ఆ జీవికి ఆయన పేరే పెట్టారు. దాన్ని మోసేది ఐక్సోడెస్ అనే వేరే జాతి. మీ కుక్క మీది పిడుదు కాదు. పైగా ఐక్సోడెస్ కూడా మామూలుగా ఒక రోజు దాటి అంటుకుని ఉంటేనే ఆ జబ్బు ఎక్కుతుంది. రోజూ ఒళ్లు చూసుకోమనేది అందుకే. కాంగో జ్వరాన్ని మోసేది హయలోమా అనే ఇంకో గట్టి పిడుదు, దానికి చారల కాళ్లుంటాయి, మిగతావాటిలా గడ్డి కొన మీద కాచుకుని ఉండకుండా మనిషి వెంట పరుగెత్తి వస్తుంది. ఆ జ్వరం పిడుదు కుట్టినా వస్తుంది, పశువు రక్తం చేతికంటినా వస్తుంది. 1957లో కర్ణాటక క్యాసనూరు అడవిలో కోతులు వరసగా చచ్చిపోతూ ఉండగా బయటపడ్డ జ్వరం మరో అడవి పిడుదుది.

మీరు పట్టించుకోవలసింది కుక్క పిడుదు మనిషికి ఇవ్వగల మచ్చల జ్వరాన్ని. అది రికెట్సియా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. అరుదే. కానీ ఇంట్లో ఎవరికైనా పిడుదు కుట్టిన మూడు నాలుగు వారాల్లోపు జ్వరం, తలనొప్పి, ఒళ్లంతా దద్దుర్లు, కుట్టినచోట నల్లటి పొక్కు, వీటిలో ఏది కనిపించినా డాక్టరు దగ్గర మొదటి మాటగా "పిడుదు కుట్టింది" అని చెప్పండి. ఆ మాట చెప్పకపోతే మామూలు జ్వరం మాత్రలతో నాలుగు రోజులు గడిచిపోతాయి. సమయానికి మొదలుపెడితే దీనికీ డాక్సీసైక్లినే. జ్వరం లేకుండా ముందుజాగ్రత్తని మీకు మీరే యాంటీబయాటిక్ వేసుకోవద్దు. స్క్రబ్ టైఫస్‌లోనూ ఇలాంటి నల్ల పొక్కే వస్తుంది. అది పిడుదు వల్ల కాదు, కంటికి ఆనని మరో చిన్న పురుగు పిల్ల వల్ల.

ఇక మీ కోళ్లు, మీ అబ్బాయి. కోడి పిడుదు పగలు బయటికి రాదు. రాత్రి కోళ్లు సర్దుకున్నాక చెక్కల సందుల్లోంచి నడుచుకుంటూ వచ్చి, అరగంటో కాస్త ఎక్కువో తాగి మళ్లీ సందులోకి వెళ్లిపోతుంది. ఒక్కసారి తాగి చచ్చే రకం కాదు. తాగినప్పుడల్లా కొద్దికొద్దిగా గుడ్లు పెడుతుంది, మళ్లీ వస్తుంది. మీకు పగలు కనిపించకపోవడానికి కారణం ఇదే. అయితే ఒక మినహాయింపు ఉంది. దాని పిల్లలు మాత్రం కోడి ఒంటి మీదే కొన్ని రోజులు అంటుకుని ఉంటాయి. రెక్క ఎత్తి, ఈకలు పక్కకి దువ్వి, చంక చర్మం దగ్గర చూడండి. ముదురు రంగు నలుసుల్లాంటివి గుంపుగా కనిపిస్తే అవే. ఈ పిడుదు రక్తం తాగడంతో సరిపెట్టదు. కోళ్లకి స్పైరోకీట్ అనే మెలికల సూక్ష్మజీవి వల్ల వచ్చే జ్వరం తెస్తుంది, ఆకుపచ్చ రెట్ట పడుతుంది. ఒక్కోసారి పిడుదు ఉమ్మి వల్లే కాళ్లు చచ్చుబడతాయి.

మీ అబ్బాయి చేతి మీద గుర్తులు దీనివే అయ్యుండొచ్చు, కోడి దొరకనప్పుడు మనిషినీ కుడుతుంది. దురద తగ్గడానికి చల్లటి గుడ్డ చాలు. కోడి పిడుదు మనుషులకి జబ్బులు మోసేవాటిలో ముఖ్యమైనది కాదు. కానీ దాని బంధువు ఆర్నితోడోరస్ అనే మరో మెత్త పిడుదు తిరగబెట్టే జ్వరాన్ని తెస్తుంది. జ్వరం వస్తుంది, పోతుంది, వారానికి మళ్లీ వస్తుంది. రోజంతా అంటుకుని ఉండనక్కర్లేదు, నిమిషాల్లోనే ఎక్కించగలదు. ఆ జ్వరం మీద ఆఫ్రికాలో పనిచేసిన జోసెఫ్ డటన్ 1905లో దానికే బలయ్యాడు. మెత్తవాటితో భయం లేదన్నవాళ్లకి ఈ సంగతి చెప్పండి. మీ అబ్బాయికి జ్వరం తిరగబెడుతున్నట్టు అనిపిస్తే చూపించండి, లేకపోతే నిశ్చింతగా ఉండండి. మంచం మాత్రం ఇవాళే అక్కణ్ణుంచి తీసెయ్యండి.

కోళ్లని వేరే చోటికి మార్చి గూడు ఖాళీగా వదిలేస్తే ఆకలికి చస్తాయని మీకు అనిపించొచ్చు. చావవు. 1976లో కెన్యాలో పట్టిన కొన్ని మెత్త పిడుదుల్ని అమెరికాలో ఒక శాస్త్రవేత్త పెంచితే, ఆడవి ఎనిమిదేళ్లు తిండి లేకుండా బతికాయి. కోడి పిడుదు అంత మొండిది కాకపోయినా మీ ఓపిక కన్నా దాని ఓపిక ఎక్కువ. చెక్క గూడు పాతదై చీలికలు పడి ఉంటే దాన్ని తగలబెట్టి, సందులు తక్కువున్న కొత్తది కట్టడమే చవక. ఉంచాలనుకుంటే కోళ్లని బయటికి తీసి, డాక్టరు చెప్పిన పిడుదు మందుని చీలికల లోపలికి పోయేలా కొట్టి, ఆరాక వాటిని పుట్టీతో పూడ్చి, వారం పది రోజులకి ఇంకోసారి కొట్టండి. కోళ్లు కూర్చునే కర్ర చివరలు గోడని తాకకుండా చూడండి, రాకపోకలకి అదే వాటి వంతెన.

ఇదంతా మొదలుపెట్టేముందు ఒక పని చెయ్యండి. ఇవాళ రాత్రి బాగా పొద్దుపోయాక చప్పుడు చెయ్యకుండా గూటి దగ్గరికి వెళ్లి, కర్ర చివర గోడని ఆనేచోట టార్చి వెయ్యండి. బల్లపరుపుగా, గింజ పొట్టులాంటివి వరసగా నడుస్తూ కనిపిస్తే ఒకటి రెండు ట్వీజర్‌తో పట్టి సీసాలో వేసుకోండి. కుక్క పిడుదున్న సీసా కాదు, వేరేది.